సున్నాలో కూర్చున్న మనిషి

సువర్చల పొద్దున్నే ల్యాబుకి రాగానే చేసే మొదటి పని సున్నాలో కూర్చోవడం. బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు గానీ, కాకినాడలో ఒక ఫర్నిచర్ షాపు పైన రెండు గదులూ ఒక డాబాగా ఉన్న ఆ చిన్న పరిశోధనశాలలో అది దేవుడి దగ్గర దీపం పెట్టినంత నియమంగా జరిగేది. కిటికీ పక్కన ఒక చెక్క కుర్చీ, దాని చేతికి బిగించిన వెడల్పాటి నల్ల పట్టీ. ఆ పట్టీలో చెయ్యి దూర్చి, రబ్బరు బంతిని శక్తికొద్దీ పిసికి వదిలేయాలి. కండ ఎంత తొందరగా తేరుకుందో, రక్తం దానికి ఎంత ప్రాణవాయువు మోసుకొచ్చిందో యంత్రం చూసుకుని, అలుపు లేని మనిషంటే ఇలా ఉంటుందన్నమాట అని గుర్తు పెట్టుకునేది. ఆ రోజు అది కొలిచే అలుపులన్నిటికీ అక్కడే మొదలు.

"ఊళ్ళో ఇంతమంది ఉండగా అలుపు లేని మనిషివి నువ్వొక్కదానివే దొరికావే మాకు," అనేది జుబేదా టీ గ్లాసు అందిస్తూ. యంత్రం లోపలి తీగలూ సర్క్యూట్లూ అన్నీ ఆవిడ చేతి పనే. సువర్చల కంటే పదేళ్ళు పెద్దది.

"నాకేం జుబేదక్కా, నేను బానే ఉంటాను," అనేది సువర్చల.

గొప్పకి అన్న మాట కాదది. ఆమె పుట్టింటి లెక్కలో ఆరోగ్యమంటే మంచం ఎక్కకపోవడం. వాళ్ళమ్మ ఎక్కలేదు, అమ్మమ్మ ఎక్కలేదు. జ్వరంతోనే పిండి రుబ్బారు, నొప్పులొచ్చే పూట దాకా బట్టలుతికారు. సువర్చల కూడా ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టిన పాపాన పోలేదు. మెట్లెక్కుతూ మధ్యలో రెయిలింగు పట్టుకుని ఆగడం, ఆటోలో కూర్చోగానే కళ్ళు మూతలు పడటం, సాయంత్రమయ్యేసరికి ఎదుటివాళ్ళ మాట వినడానికి కూడా ఓపిక లేకపోవడం, ఇవన్నీ ఆమె దృష్టిలో ఆడదాని బతుకులో వచ్చి చేరే మామూలు సంగతులు. వాటి గురించి ఎవరూ పనిగట్టుకుని మాట్లాడుకోరు.

ఇంకో అలవాటు కూడా ఉంది. టేబులు సొరుగులో ఒక స్టీలు డబ్బా, దాన్నిండా పచ్చి బియ్యం. పని చేస్తూ చేస్తూ చిటికెడు నోట్లో వేసుకుని నమిలేది. వాళ్ళింట్లో ఆడవాళ్ళందరికీ ఆ పిచ్చి ఉంది. బియ్యం తినే పిల్ల పెళ్ళిలో వాన పడుతుందని చిన్నప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ బెదిరించేవాళ్ళు. సువర్చల పెళ్ళిలో నిజంగానే పడింది. సరిగ్గా తలంబ్రాల వేళకి పందిరి కారి పురోహితుడు తడిసి ముద్దయితే, వచ్చిన చుట్టాలంతా పెళ్ళికూతురి వైపు చూశారు. చెల్లెలు నీరజ పెళ్ళికైతే ఏకంగా తుఫాను వచ్చింది.

ఈ యంత్రం పుట్టిందే ఆ నీరజ కోసం.

మొదటి కాన్పప్పుడు నీరజ తొలి నెలల నుంచీ "అలుపుగా ఉందక్కా" అంటూనే ఉంది. కడుపుతో ఉన్న మనిషికి అలుపు కాక ఇంకేముంటుందని ఇంట్లోవాళ్ళన్నారు, డాక్టరూ అదే అన్నాడు. కాన్పులో మామూలుగా పోయే దానికంటే కాస్త ఎక్కువ రక్తం పోయింది. ఆ కాస్తని తట్టుకునే శక్తి ఆ ఒంట్లో లేదు. నీరజ భర్త సుధీర్ బండేసుకుని ఊరంతా తిరిగి రక్తం తెస్తే గానీ ప్రాణం నిలవలేదు. సువర్చల ఆపరేషను గది బయట గోడకి ఆనుకుని నిలబడి, చెల్లెలు అన్ని నెలలూ చెప్పిన ఆ ఒక్క మాటనే తలుచుకుని తలుచుకుని ఏడ్చింది. అందరికీ చెప్పింది పిల్ల. తనతో సహా ఎవ్వరూ వినలేదు. దెబ్బయితే వాపు కనిపిస్తుంది, జ్వరమైతే ఒళ్ళు కాలుతుంది, అలుపుకి ఎవరైనా ఏం సాక్ష్యం చూపిస్తారు? ఒకరి అలుపుని తీసి ఇంకొకరి ఒంట్లో పెడితే తప్ప ఈ లోకం నమ్మదని ఆ గోడ దగ్గరే అనుకుంది.

అనుకున్నది చేసేసరికి కొన్నేళ్ళు పట్టింది. అలుపు చూపించే మనిషి చేతికో పట్టీ, అలుపు తెలుసుకునే మనిషి చేతికో పట్టీ. మొదటి పట్టీ చదివిన బరువుని రెండో పట్టీ సన్నటి విద్యుత్తుగా మార్చి నరాల్లోకి పంపుతుంది. మొదటిసారి అది పనిచేసిన రోజున జుబేదా చేతికి పట్టీ కట్టుకుని, కింద వీధిలోంచి మంచినీళ్ళ టిన్ను భుజాన వేసుకుని మెట్లెక్కింది. పైన కుర్చీలో కదలకుండా కూర్చున్న సువర్చల తొడలు రాళ్ళు కట్టినట్టయ్యాయి, గుండె దడదడలాడింది.

"రెండో మలుపు దగ్గర ఆగావు కదూ?" అని అడిగింది సువర్చల, జుబేదా గుమ్మంలోకి రాగానే.

"ఆగాను. చెప్పు జారింది," అంది జుబేదా. టిన్ను దించకుండానే నవ్వడం మొదలుపెట్టింది.

సున్నా అవసరమెందుకొచ్చిందంటే, మనిషి అలుపు మొత్తం పంపితే పుచ్చుకునేవాడి అలుపు దానికి తోడై లెక్క తప్పుతుంది. కూరగాయల కొట్టులో ముందు ఖాళీ గిన్నె కాటా మీద పెట్టి సున్నా చేసి, ఆ తర్వాత వంకాయలు తూస్తారే, అలాగన్నమాట. అలుపు లేని మనిషిని ముందు యంత్రానికి చూపించాలి, దానికి మించి ఉన్నదే అసలు అలుపు. అందరికంటే ముందు వచ్చేది సువర్చల, రోగం ఎరగనిదీ సువర్చలే. ఆమె కూర్చుంది.

ఒకసారి చిన్న తిరకాసు వచ్చింది. జుబేదా పొద్దున్నే ఏ పనీ చెయ్యకముందు పట్టీ కట్టుకుంటే యంత్రం సున్నా కంటే కిందకి చూపించేది. "అలుపు లేని మనిషికంటే అలుపు లేనిది నువ్వెక్కడ దొరికావు? వైర్లు చూడక్కా," అని సువర్చల వేళాకోళం చేసింది. జుబేదా వైర్లన్నీ విప్పి చూసి, ఏమీ దొరక్క, విసుగెత్తి, సున్నా కంటే కిందకి పోకుండా యంత్రానికి ఒక కట్టు వేసేసింది. ఆ తర్వాత చేపలరేవులో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళనీ, బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిలనీ పిలిచి కొలిచారు. ఎవరికీ పెద్దగా అలుపు తేలలేదు. "భయం లేదమ్మా, బానే ఉన్నారు," అని చెప్పి, టీ ఇచ్చి పంపించేశారు.

అప్పటికి నీరజ రెండోసారి నెల తప్పి చాలా రోజులైంది. కడుపు కనిపిస్తోంది. ఆమె సామర్లకోటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆ స్కూల్లో క్లాసులో టీచరుకి కుర్చీ ఉండదు, కూర్చుంటే పాఠం చెప్పరని యాజమాన్యం నమ్మకం. డాక్టరు చీటీ రాసిస్తే కుర్చీ వేస్తామన్నారు. నీరజకి కావలసింది ఆ చీటీ. సువర్చలకి కావలసింది అంతకంటే పెద్దది. ఈసారి నొప్పులొచ్చే నాటికి చెల్లెలి ఒంట్లో రక్తం ఉండాలి.

డాక్టర్ సోమయాజులు గారి దగ్గరికి అక్కచెల్లెళ్ళిద్దరూ యంత్రాన్ని సంచీలో పెట్టుకుని వెళ్ళారు. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన చెయ్యి ఆయనది. కసురుకోవడం తెలియని మనిషి, అందర్నీ తల్లీ అనే పిలుస్తారు. గుమ్మం దగ్గర నర్సు రాజ్యం నిలబడి పేర్లు పిలుస్తోంది. ఆవిడ ఎప్పుడూ అక్కడే నిలబడి ఉంటుంది.

"రక్తం పదికి పైనే ఉంది తల్లీ. పదకొండు ఉండాలని పుస్తకాల్లో రాస్తారు గానీ, మన ఆడవాళ్ళకి పది అంటే బానే ఉన్నట్టు," అన్నారాయన రిపోర్టు చూస్తూ. "ఖర్జూరం తిను, బీట్‌రూట్ తిను. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చు."

"మధ్యాహ్నం ఏడో తరగతికి క్లాసుంటుందండి," అంది నీరజ.

సువర్చల పట్టీలు తీసి, ముందు తానే సున్నా చూపించింది. ఆయన ముచ్చటపడి చెయ్యి చాపారు. నీరజ బంతి పిసికింది. సువర్చల ఆయన ముఖంలోకే చూసింది. ఇన్నేళ్ళ కష్టం ఈ ఒక్క క్షణం కోసమే.

ఆయన తల అటూ ఇటూ తిప్పారు, భుజం ఎగరేసి చూసుకున్నారు.

"కాస్త బరువుగా ఉందమ్మా, లేకపోలేదు. ఇంతేనా? నాకు రోజూ క్లినిక్కు కట్టేసే వేళకి ఇంతకంటే ఎక్కువే ఉంటుంది." పట్టీ విప్పి జాగ్రత్తగా మడతపెట్టి ఇచ్చారు. "మంచి వస్తువు చేశారు. అనవసరంగా బెంగ పెట్టుకునేవాళ్ళకి ధైర్యం చెప్పడానికి పనికొస్తుంది."

చీటీ రాయలేదు. ఆటో రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు నీరజ, "పోన్లే అక్కా, నాకు బద్ధకమేనన్నమాట," అంది. ఆ మాటలో కోపం లేదు. సువర్చలకి అదే భరించలేకపోయింది.

ఆనాటి నుంచి నీరజ అలుపన్న మాట ఎత్తడం మానేసింది. మానేసి ఊరుకుంటే బాగుండును, ఇంటిపని ఇంకా మీదేసుకుంది. అత్తగారు "కూర్చోవే" అన్నా కూర్చునేది కాదట. ఒకరోజు బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ, సుద్దముక్క చేతిలో ఉండగానే కింద పడిపోయింది. కడుపులో బిడ్డకి ఏం కాలేదని అక్కడి డాక్టరు చెప్పాక గానీ సుధీర్ ఫోను చెయ్యలేదు. సువర్చల ల్యాబుకి రానని జుబేదాకి చెప్పి, ఉన్నపళంగా సామర్లకోట వెళ్ళింది.

నీరజ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కళ్ళ కింద కాటుక పులిమినట్టుంది.

"ఎందుకే చెప్పలేదు నాకు? కళ్ళు తిరుగుతున్నాయని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!"

"ఏమని చెప్పనక్కా? అమ్మ చెబితే కాదనొచ్చు, డాక్టరు చెబితే కాదనొచ్చు. నువ్వు చేసిన మిషనే చెప్పింది కదా, నాకేం లేదని." ఆమె అక్క చెయ్యి పట్టుకుంది. "నిన్ను అంటున్నాననుకోకు. పిల్లలు నవ్వుతున్నారక్కా. టీచర్ చాక్‌పీసులు తింటారని. నిజంగానే తింటున్నాను. సిగ్గేస్తోంది."

సువర్చల ఆ పూటంతా చెల్లెలి పాదాలు ఒత్తుతూ కూర్చుంది. ఎవరూ నమ్మని మాటకి సాక్ష్యం తెస్తానని బయల్దేరి, ఆ పిల్లకి తన మీద తనకున్న నమ్మకం కూడా పోగొట్టి వచ్చానని ఆమెకి అర్థమైంది. ఎక్కడ పొరపాటు జరిగిందో మాత్రం అర్థం కాలేదు.

మర్నాడు ల్యాబుకి వచ్చేసరికి ఆలస్యమైంది. మెట్ల మధ్యలో ఎప్పట్లాగే ఆగి, రెయిలింగు పట్టుకుని పైకి వచ్చింది.

"నువ్వు లేవని నిన్నా ఇవాళా సున్నాలో నేనే కూర్చున్నానే," అంది జుబేదా. "కొత్త బ్యాటరీ వేశాను. రా, ఒకసారి సరిచూసుకుందాం. నీ దగ్గర్నుంచి నాకు ఏమీ రాకూడదు."

రోజూ చేసే పరీక్షే. అలుపు లేని మనిషి నుంచి ఎదుటి మనిషికి ఏమీ చేరకపోతే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. సువర్చల బంతి పిసికింది. జుబేదా ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేతికి పట్టీ బిగించుకుంది.

గ్లాసు కింద పడి పగిలింది.

జుబేదా గోడ పట్టుకుని, మెల్లగా, ఎక్కడ కూర్చుంటోందో చూసుకోకుండానే నేల మీద కూర్చుండిపోయింది. సువర్చల కంగారుగా పట్టీ లాగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు. ఉండవే. ఏం చేసొచ్చావు నువ్వు? బస్తాలు మోసొచ్చావా?"

"ఏమీ చెయ్యలేదక్కా. ఆటో దిగి పైకొచ్చానంతే. బ్యాటరీ ఎక్కువైందేమో."

"బ్యాటరీ కాదు." జుబేదా కళ్ళు మూసుకుంది. "ఇది నాకు తెలుసు. ఎప్పుడో నా ఒంట్లో ఉన్న బరువే ఇది. మోకాళ్ళ దగ్గర మొదలై, ఇదిగో, దవడ దాకా వస్తుంది. నమలడానిక్కూడా బద్ధకమేస్తుంది."

అయినా యంత్రాన్నే ముందు అనుమానించారు. తీగలన్నీ విప్పారు, పట్టీలు మార్చారు, ఎటు తిప్పినా అదే బరువు. చివరికి అలిసిపోయి సువర్చల సొరుగు లాగి, అలవాటుగా చిటికెడు బియ్యం నోట్లో వేసుకుంది. జుబేదా ఆ డబ్బా వైపే చూస్తూ ఉండిపోయింది. రోజూ చూసే డబ్బాయే.

"నేను బలపాలు తినేదాన్ని," అంది. "నీతో చెప్పలేదు, నామోషీ. పెద్దపిల్ల పుట్టాక, పెట్టెలకి పెట్టెలు తినేదాన్ని. మా ఆయన పిల్లల పలక కోసమని కొనుక్కొచ్చేవాడు, పిల్లకి అప్పటికి పలక పట్టే వయసే లేదు. హైదరాబాదులో ఒక డాక్టరమ్మ ఆ సంగతొక్కటి పట్టుకుంది. రక్తం అంకె ఎంత ఉందన్నది వదిలెయ్, ఒంట్లో దాచిన ఇనుము అడుగంటిందని, సెలైన్లో ఇనుము ఎక్కించింది. ఆ తర్వాత బలపం చూస్తేనే రోత పుట్టింది." ఆమె గొంతు తగ్గించింది. "మీ ఇంట్లో అందరూ తింటారన్నావు కదే బియ్యం?"

సువర్చల నమలడం ఆపేసింది. సామర్లకోటలో మంచం మీద సిగ్గుపడుతున్న చెల్లెలు గుర్తొచ్చింది. రోజూ మెట్ల మధ్యలో రెయిలింగు పట్టుకుని తాను ఆగడం గుర్తొచ్చింది. సున్నా కంటే కిందకి పోతోందని తామే బిగించిన కట్టు గుర్తొచ్చింది. యంత్రం మొదటి రోజు నుంచీ నిజమే చెబుతూ ఉంటే, తామిద్దరూ కలిసి దాని నోరు కట్టేశారు. సున్నాలో కూర్చున్న మనిషే నెత్తిన బండ పెట్టుకుని కూర్చుంది. అదే బండ మోస్తున్న నీరజని ఆ మనిషి పక్కన నిలబెడితే తేడా ఏం తెలుస్తుంది? రేవులో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళకి మాత్రం ఏం తెలుస్తుంది?

"ఆ కట్టు తీసెయ్ అక్కా," అంది.

"ఎందుకు?"

"బరువు పంపగలిగితే బరువు తియ్యనూ గలదు కదా. సున్నాలో మళ్ళీ నేను కూర్చుంటాను, నీ దగ్గర్నుంచి నాకు పంపు. నీ ఒళ్ళు ఎలా ఉంటుందో చూడాలి."

జుబేదా తటపటాయించింది. ఒంట్లో లేని సత్తువని యంత్రం ఎక్కణ్ణించీ తెచ్చి పెట్టదు, అలుపుని కాసేపు మరిపిస్తుందంతే, ఆ తర్వాత వడ్డీతో సహా తిరిగొస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా కట్టు తీసింది.

మొదట సువర్చలకి ఏమీ తెలియలేదు. తర్వాత భుజాల మీంచి ఎవరో తడిబట్టల మూట దించినట్టయింది. కిటికీలోంచి వచ్చే వెలుతురు అంతవరకూ అంత తెల్లగా ఉన్నట్టు ఆమె ఎరగదు. లేచి నిలబడింది. లేవడానికి కుర్చీ చేతుల మీద ఆనుకోలేదు. పట్టీ చేతికి ఉండగానే గదిలోంచి బయటికి నడిచి, డాబా మెట్లు ఎక్కింది, ఎక్కుతూ ఎక్కుతూ పరుగందుకుంది. పైన గాలి వేస్తోంది, దూరంగా రేవులో పడవలు కనిపిస్తున్నాయి. పదిహేనేళ్ళప్పుడు ఎప్పుడో, ఒకటి రెండుసార్లు ఇలా ఉన్నట్టు లీలగా జ్ఞాపకం.

జుబేదా వెనకాలే వచ్చేసరికి సువర్చల పిట్టగోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"మిగతావాళ్ళంతా ఇలా ఉంటారా అక్కా? రోజూ? పనికి వెళ్ళేటప్పుడు కూడా?"

జుబేదా దగ్గరికి తీసుకుని తల నిమిరింది, పట్టీ విప్పేసింది. ఆ సాయంత్రానికి బరువు రెండింతలై తిరిగొచ్చి, సువర్చలని రెండు రోజులు పడకేయించింది. పెళ్ళయ్యాక మొదటిసారి మంచం ఎక్కింది. కాళ్ళ బరువుకంటే ఇంకో సంగతి ఎక్కువ బాధపెట్టింది. ఇన్నాళ్ళూ తెలియక మోసింది, ఇప్పుడు తెలిసి మోయాలి.

పడుకుని ఉండగానే ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. కాన్పయ్యేదాకా నీరజ చేతికి ఆ పట్టీ కట్టేస్తే? కనీసం పిల్ల తేలిగ్గా తిరుగుతుంది కదా. జుబేదాకి ఫోను చేసి అడిగింది.

"గ్యాసు అయిపోయిన పొయ్యి మీద మంట పెద్దది చేస్తానంటావేంటే," అని కసిరింది జుబేదా. "దానికి కావలసింది ఇనుము. మర్యాదగా తీసుకెళ్ళి ఆ డాక్టరు గారికి చూపించు. సున్నాలో నేను కూర్చుంటాను."

ఈసారి ముగ్గురూ వెళ్ళారు. నీరజ రానంది, మళ్ళీ నవ్వులపాలు కావడం తనవల్ల కాదంది. సువర్చల ఆమె ముందు నేల మీద కూర్చుని, జరిగిందంతా చెప్పి, "మిషన్ది తప్పు లేదే, నాది. నన్ను చూసుకుని నిన్ను కొలిచాను," అంది. నీరజ లేచి చీర మార్చుకుంది.

"మళ్ళీనా తల్లీ?" అన్నారు సోమయాజులు గారు. నవ్వుతూనే చెయ్యి చాపారు. జుబేదా పక్కనే కూర్చుని ముందు తన చెయ్యి చూపించింది. తర్వాత నీరజ బంతి పిసికింది.

ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. కలం టేబులు మీద పెట్టేశారు. చెయ్యి కడుక్కోవడానికో ఎందుకో లేవబోయి, సగం లేచి, మళ్ళీ కూర్చున్నారు. గోడ మీది గడియారం వైపు చూశారు.

"ఇంకా పొద్దున్నే కదమ్మా," అన్నారు. "ఇప్పుడే ఇలా ఉంటే నువ్వు సాయంత్రం దాకా ఎలా నిలబడుతున్నావు?"

"బల్లకి ఆనుకుంటానండి. ఎవరూ చూడనప్పుడు."

"ఎప్పట్నుంచి ఇలా?"

నీరజ ఆలోచించింది. "తెలీదండి. అందరికీ ఇలాగే ఉంటుందనుకున్నాను."

ఆయన రిపోర్టు మళ్ళీ ముందుకి లాక్కున్నారు. పది పైచిలుకు అంకె మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నారు. మన ఆడవాళ్ళకి ఇది బానే ఉన్నట్టు అన్న మాట ఆయన నోటి దాకా వచ్చి ఆగిపోయిందని సువర్చలకి తెలిసింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు అనుకుంది గానీ, రాలేదు. ఆయన కూడా అలిసిపోయిన వాళ్ళనే ఇన్నేళ్ళూ చూసి చూసి, అదే మామూలనుకున్నారు. తాను చేసిన పని మాత్రం ఏమంత వేరు?

ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము చూసే పరీక్ష రాశారు. అక్కచెల్లెళ్ళిద్దరికీ రాశారు. కుర్చీ కోసం చీటీ కూడా రాశారు, నెమ్మదిగా, బరువెక్కిన చేత్తోనే. అంతా అయ్యాక జుబేదా పట్టీ విప్పబోతే, "ఉండండి," అని గుమ్మం వైపు తిరిగారు.

"రాజ్యం, ఇలా రా. కూర్చో. ఆ బంతి ఒకసారి పిసుకు."

గుమ్మం దగ్గర నిలబడ్డ రాజ్యం నవ్వింది. చీర కొంగుతో చెమట తుడుచుకుని, "నాకేంటండీ, నేను బానే ఉన్నాను," అంది.

సువర్చల లేచి తన కుర్చీ ఆవిడకి ఇచ్చింది.

నీరజ పరీక్ష ఫలితం చూడగానే సోమయాజులు గారు తన క్లినిక్కులోనే మంచం వేయించి, సెలైన్లో ఇనుము ఎక్కించారు. సువర్చలకి పక్క మంచం. ముదురు గోధుమరంగు మందు బొట్లు బొట్లుగా దిగుతుంటే ఇద్దరూ చిన్నప్పటి వానల పెళ్ళిళ్ళు తలుచుకుని నవ్వుకున్నారు. వాళ్ళమ్మ కేరియరు పట్టుకుని వచ్చి, "మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయే," అని మొదలుపెట్టింది. నీరజ ఆవిడ చెయ్యి పట్టుకుని తన మంచం మీద కూర్చోబెట్టి, "నీకూ రాయించుకున్నాం, నోరు మూసుకుని రేపు రా," అంది. ఆవిడ మర్నాడు పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది.

ఆ తర్వాత సువర్చల, జుబేదా చేపలరేవుకి వెళ్ళారు. బాగున్నారని చెప్పి పంపిన ప్రతి మనిషినీ వెతికి పట్టుకుని, తప్పు చెప్పామని చెప్పుకొచ్చారు. కొందరు తిట్టారు, తిట్టాల్సిందే. ఒకావిడ రొయ్య ఒలుస్తూ తల కూడా ఎత్తకుండా, "నాకు అప్పుడే తెల్సండీ. మీ మిషనుకేం తెలుసు నా సంగతి, పాపం," అంది. ఇద్దరు మాత్రం దొరకలేదు. ఒకామె ఊరు మారింది, ఒకామె గురించి పక్కవాళ్ళు చెప్పడానికి ఇష్టపడలేదు. సువర్చల ఆ రెండో ఆమె పేరు ఇప్పటికీ మరిచిపోలేదు.

నీరజకి ఆడపిల్ల పుట్టింది. ఈసారి కూడా కాన్పులో రక్తం పోయింది, కానీ పోగొట్టుకునేందుకు ఒంట్లో రక్తం ఉంది. సుధీర్ బండి ఆసుపత్రి బయట నిలబెట్టింది నిలబెట్టినట్టే ఉంది.

ఆ వారమే, పాత కాగితాలు సర్దుతూ సువర్చల టేబులు సొరుగు లాగితే స్టీలు డబ్బా చేతికి తగిలింది. మూత తీసి చూస్తే బియ్యం పురుగు పట్టి ఉంది. తెల్లటి గింజల మధ్య నల్లటి పురుగులు తీరిగ్గా తిరుగుతున్నాయి. ఆమెకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. చిన్నప్పటి నుంచి ఆమె చేతిలో బియ్యానికి పురుగు పట్టేంత తీరిక ఎన్నడూ దొరకలేదు. ఎప్పుడు మానేసిందో కూడా గుర్తు లేదు.

డబ్బా పట్టుకుని డాబా మీదికి వెళ్ళి, పిచ్చుకలకి వేసింది. వేసి, వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది. కుడిచేతిలో డబ్బా, ఎడమచేతిలో మూత. రెయిలింగు పట్టుకోకుండా ఎక్కి వచ్చింది. చేతికి ఏ పట్టీ లేదు.

అక్కడే నిలబడి నీరజకి ఫోను చేసి, పురుగుల సంగతి చెప్పింది. అవతల పాప కేరుమంటోంది. నీరజ పాపని సముదాయిస్తూ, నవ్వుతూ, ఏడుస్తూ అంది:

"అయితే దీని పెళ్ళికి వాన పడదులే అక్కా."